కర్ర, బిళ్ళ, బంతి

హస్తినాపురం వెలుపల కురుకుమారులు ఆడుకుంటున్నారు. ఆట జోరులో వారి ఆటవస్తువు నూతిలో పడింది. రాజకుమారులందరూ నూతి చుట్టూ చేరి తొంగి చూశారే గాని, దానిని పైకి తీసే ఉపాయం ఒక్కరికీ తోచలేదు. అప్పుడు ద్రోణుడు అక్కడికి వచ్చాడు. ఒకదాని కొసను మరొకటి గుచ్చుకొనేటట్లు వరుసగా ప్రయోగించి, గొలుసులాగా చేసి, ఆ వస్తువును పైకి లాగాడు. ఆయన ప్రయోగించినవి సంస్కృత మూలంలో గడ్డిపరకలు. ఈ నేర్పు సంగతి వినే భీష్ముడు ఆయనను మనుమలకు గురువుగా నియమించాడు. ఈ కథ తెలుగువారందరికీ సుపరిచితమే. అయితే నూతిలో పడినది ఏమిటి?

బంతి అని తెలుగు చదువరి తడుముకోకుండా చెబుతాడు. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ప్రోత్సాహంతో భారతాన్ని తెనిగించిన నన్నయ ఈ ఘట్టంలో కందుకాన్నే చెప్పాడు. కాని వ్యాసుని మూలంలో ఉన్న పదం కందుకం కాదు, ‘వీటా’. పదిహేడవ శతాబ్దంలో కాశిలో నివసించిన వ్యాఖ్యాత నీలకంఠుడు ఈ పదానికి చెప్పిన అర్థం చాలా ఆసక్తికరమైనది. వీటా అంటే యవగింజ ఆకారంలో నడుమ లావుగా, రెండు కొసలు సన్నగా ఉండే చిన్న కర్రముక్క అట. దాని పొడవు ప్రాదేశం, అనగా చాచిన బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే కొలత. దానిని పిల్లలు పొట్టికర్రతో ఎగరగొట్టి ఆడుకుంటారని కూడ ఆయన వివరించాడు. ఈ వివరణ చదివిన పల్లెటూరి బాలునికి నిఘంటువుతో పని లేదు. అది బిళ్ళ. ఆ ఆట బిళ్ళంగోడు.

ఇంతమాత్రాన నన్నయ పొరబడ్డాడని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. వ్యాఖ్యాత తన కాలంలో వీధిలో కనిపించే ఆటతో ప్రాచీన పదానికి అర్థం చెబుతాడు. కనుక నీలకంఠుని మాట పదిహేడవ శతాబ్దపు ఆటకు గట్టి సాక్ష్యమే గాని, ఇతిహాసకాలపు ఆటకు అది ఊహ మాత్రమే. నన్నయ అనువాదం రాజసభ కోసం చేసినది. కావ్యాలలో కందుకానికి ఉన్న గౌరవం కర్రముక్కకు లేదు. దండి దశకుమారచరితంలో కందుకావతి అనే రాజకుమారి చేసే బంతి నృత్యం ప్రసిద్ధమైనది. ఆ కావ్యాన్ని పదమూడవ శతాబ్దంలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. కందుకక్రీడ అనగానే కవులకు స్ఫురించేది అటువంటి విలాసమే. అందులో చేయి ఉంది, బంతి ఉంది, కర్ర లేదు. ఆ మాటకొస్తే తెలుగులో బంతీ, చెండూ రెండూ పూలతోనే చెలిమి చేసిన మాటలు. ఒకటి పూవు పేరయింది, మరొకటి పూలగుత్తి పేరయింది. ‘చెండాడు’ అనే క్రియలో మాత్రం చెండుకు తగిలే దెబ్బ వినిపిస్తుంది.

కర్ర ఉన్న ఆట సంగతి వేరు. తెలుగునాట ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుతో అది వ్యవహారంలో ఉంది. బిళ్ళంగోడు, గోడుంబిళ్ళ, గూటీబిళ్ళ, చిర్రగోనె, చిల్లాకట్టె అన్నీ ఆ ఆటకు పేర్లే. మూరెడు కర్ర, బెత్తెడు బిళ్ళ, నేలలో చిన్న గుంట ఉంటే చాలు. గుంటమీద బిళ్ళను అడ్డంగా పెట్టి, కర్రతో కింది నుంచి ఎగజిమ్ముతారు. ఎదుటివారు దానిని నేలను తాకకముందే పట్టుకొంటే ఆడేవాడు ఔటయినట్లే. పట్టుకోలేకపోతే, గుంటమీద అడ్డంగా ఉంచిన కర్రకు గురిచూసి బిళ్ళను విసురుతారు. తగిలితే ఆట చేయి మారుతుంది. తగలకపోతే అసలు ఆట మొదలవుతుంది. బిళ్ళ సన్నని కొసమీద కర్రతో కొట్టగానే అది గాలిలోకి లేస్తుంది. లేచిన బిళ్ళను మళ్ళీ కిందపడేలోగా బలంగా కొట్టాలి. అది పడిన చోటు నుంచి గుంట వరకు కర్రతో కొలిచి లెక్క కడతారు.

ఈ ఆటలో విశేషం ఒకటి గమనించాలి. ఇందులో బంతిని విసిరేవాడు లేడు. కొట్టవలసిన వస్తువును కొట్టేవాడే పైకి లేపుకొంటాడు. సన్నగా చెక్కిన కొస బిళ్ళకు మీటలాగా పనిచేస్తుంది. ప్రపంచంలోని కర్ర ఆటలను రెండు కుటుంబాలుగా చూడవచ్చు. ఎదుటివాడు విసరగా కొట్టేవి ఒక కుటుంబం, తానే ఎగరేసుకొని కొట్టేవి మరొక కుటుంబం. క్రికెట్టు, బేస్‌బాల్ మొదటి కుటుంబానివి. బిళ్ళంగోడు రెండవ కుటుంబానిది. ఒక పనివాడు కొడవలితో చెక్కి ఇచ్చిన రెండు ముక్కలతో ముగిసే ఖర్చు కనుక రెండవ కుటుంబమే పేదవాడి కుటుంబం.

లెక్క కట్టే మాటలలో ఒక చిత్రం దాగి ఉంది. మహారాష్ట్రలో ఈ ఆటను ‘విటీ దాండూ’ అంటారు. విటీ అనే మాటలో భారతంలోని వీటా స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడి పిల్లలు పరంపరగా లెక్కించే తీరు ‘వకట, లేండ, మూండ, నాల’ అని సాగుతుంది. ఇవి మరాఠీ అంకెలు కావు. మరాఠీలో ఒకటిని ‘ఏక్’ అంటారు, రెండును ‘దోన్’ అంటారు. కన్నడంలో ఒకటి ‘ఒందు’, తమిళంలో ‘ఒన్ఱు’. వకట అనే ఉచ్చారణకు దగ్గరగా ఉన్నది తెలుగు ‘ఒకటి’ మాత్రమే. ఏ సైన్యమూ, ఏ వర్తకుడూ మోసుకుపోయినట్లు శాసనం వేయని మాటలు ఇవి. ఒక ఊరి పిల్లల నుంచి పొరుగూరి పిల్లలకు ఆటతోపాటు అంది, భాషల హద్దు దాటి నిలిచిపోయాయి. అర్థం తెలియకపోయినా వరుస తప్పకుండా తరతరాలుగా ఒప్పజెప్పగల శక్తి పిల్లలకే ఉంది.

పెద్దలు మాత్రం పిల్లల ఆటలను గ్రంథస్థం చేయడానికి అంతగా ఆసక్తి చూపలేదు. పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుని బొంగరాల ఆట కథను యుద్ధం వైపు మలుపు తిప్పుతుంది గనుక అది నిలిచింది. పద్దెనిమిదవ శతాబ్దానికి చెందిన అయ్యలరాజు నారాయణామాత్యుడు తన హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లను పట్టికలాగా గుదిగుచ్చి మహోపకారం చేశాడు. ఇటువంటి ఆధారాలను ఓపికగా ఏరి కూర్చిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే లభించింది. రాజుల పట్టాభిషేకాలకే చరిత్ర అని పేరుపెట్టే అలవాటును ఆ గ్రంథం బద్దలుకొట్టింది.

రాజుల ఆటల సంగతి అట్లా కాదు. పర్షియా నుంచి వచ్చిన చౌగాన్, గుర్రమెక్కి పొడవైన కర్రతో బంతిని కొట్టే ఆట. నేటి పోలోకు అది పూర్వరూపం. దిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రం మీదినుంచి పడి మరణించాడు. అక్బరు చక్రవర్తి చీకటిలో సైతం ఆడటానికి పలాశ కర్రతో చేసిన బంతులను వెలిగించి వాడేవాడని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. పలాశమంటే మన మోదుగే. వేసవి ఆరంభంలో తెలంగాణ అడవులను ఎర్రగా మార్చే చెట్టు చక్రవర్తి బంతిగా మారి చరిత్రకెక్కింది. అదే మోదుగ కొమ్మతో పశువుల కాపరి చెక్కుకున్న బిళ్ళను గురించి రాయడానికి ఆస్థాన చరిత్రకారుడు ఎవరున్నారు?

ఈ ఇబ్బంది మనకు మాత్రమే పరిమితం కాదు. ఇంగ్లండులో కూడ కొసలు సన్నగా చెక్కిన కర్రముక్కను ఎగరగొట్టే ఆట ఉంది. అక్కడ ఆ ముక్కను ‘క్యాట్’ అంటారు, అంటే పిల్లి. ‘యాత్రికుని ప్రయాణం’ రచయితగా ప్రసిద్ధుడైన జాన్ బన్యన్ 1666లో ప్రకటించిన ఆత్మకథలో ఈ ఆట ప్రసక్తి ఉంది. ఆదివారం నాడు పిల్లిని ఒక దెబ్బ కొట్టి, రెండవ దెబ్బకు కర్ర ఎత్తుతున్న క్షణంలో తనకు దైవవాణి వినిపించిందని ఆయన రాసుకున్నాడు. భక్తుని పశ్చాత్తాపంలో చోటు దొరకబట్టి ఆ ఆటకు ఒక సాక్ష్యం మిగిలింది. క్రికెట్టు మాట తొలిసారి స్పష్టంగా కనిపించేది కూడ ఒక భూమి తగాదాలో. 1598లో గిల్‌ఫర్డ్ న్యాయస్థానంలో జాన్ డెరిక్ అనే వ్యక్తి, తాను బాలుడుగా ఉన్నప్పుడు ఆ స్థలంలో క్రికెట్టు ఆడేవాడినని వాంగ్మూలమిచ్చాడు. అంటే సుమారు 1550 నాటి మాట. తగాదా రాకపోతే ఆ ముక్క కూడ దొరికేది కాదు.

బేస్‌బాల్ అనగానే అమెరికా గుర్తుకు వస్తుంది. అయితే ఆ మాట అచ్చులో తొలిసారి కనిపించేది లండనులో. 1744లో జాన్ న్యూబరీ ప్రచురించిన పిల్లల పుస్తకంలో అక్షరాలు నేర్పే పద్యాలతోపాటు ‘బేస్‌బాల్’ పేరుతో ఒక బొమ్మ, పద్యం ఉన్నాయి. బొమ్మలో కొట్టే కర్ర లేదు, గురుతుగా పాతిన గుంజలు మాత్రం ఉన్నాయి. 1749లో బ్రిటిషు యువరాజు ఫ్రెడరిక్ ఈ ఆట ఆడినట్లు ఒక వార్తాపత్రిక ప్రకటించింది. 1755లో విలియం బ్రే అనే యువకుడు ఈస్టరు మరునాడు స్త్రీపురుషులు కలిసి బేస్‌బాల్ ఆడిన సంగతిని దినచర్యలో రాసుకున్నాడు. జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో కథానాయికకు పద్నాలుగేళ్ళ వయసులో పుస్తకాలకంటే క్రికెట్టు, బేస్‌బాల్, గుర్రపుస్వారీలపైనే మక్కువ. ఆ నవల 1817 చివరలో వెలువడినా, రచన అంతకు సుమారు ఇరవై ఏళ్ళ ముందటిది. ఆనాటి ఆట ఆడపిల్లలకు నిషిద్ధం కాదని చెప్పడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం అక్కరలేదు.

అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన తరువాత కూడ ఈ ఆటను గురించిన తొలి ప్రస్తావన ఒక నిషేధాజ్ఞలోనే దొరికింది. 1791లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్ అనే ఊరి పెద్దలు కొత్తగా కట్టిన సభామందిరానికి ఎనభై గజాలలోపు బంతి ఆటలేవీ ఆడరాదని కట్టడి చేశారు. నిషిద్ధమైన ఆటలలో బేస్‌బాల్ పేరు ఉంది. కారణం కిటికీ అద్దాలు. ఈ పత్రాన్ని 2004లో చరిత్రకారుడు జాన్ థార్న్ వెలుగులోకి తెచ్చాడు. పిల్లలు అద్దాలు పగలగొట్టడం అప్పటికే బాగా అలవాటైన పని కాకపోతే ఊరంతా సమావేశమై తీర్మానం చేయవలసిన అవసరమే రాదు. 1796లో గుట్స్‌మూట్స్ అనే జర్మను ఉపాధ్యాయుడు బాలుర వ్యాయామ క్రీడల పుస్తకంలో ఇంగ్లీషువారి బేస్‌బాల్ నియమాలను వివరించాడు. అమెరికాలోని పిల్లలు కొద్దిమంది మాత్రమే ఉన్నప్పుడు ఆడే ఆటను ‘ఓల్డ్ క్యాట్’ అనేవారు. అందులో ఎగిరేది కర్రముక్క కాదు, బంతి. అయినా పిల్లి పేరు మాత్రం మిగిలి ఉంది. బిళ్ళ ఆటకూ బంతి ఆటకూ మధ్య చుట్టరికాన్ని ఆ పేరు పట్టి ఇస్తుంది.

1845 సెప్టెంబరులో న్యూయార్కుకు చెందిన నికర్‌బాకర్ సంఘం నియమాలను రాతలో పెట్టింది. పరుగెత్తేవాడిని బంతితో విసిరికొట్టి ఔట్ చేసే పద్ధతిని ఆ నియమాలు తొలగించాయి. మన ఏడుపెంకులాటలో వీపు చుర్రుమనిపించే పద్ధతి అదే. ఆ నియమం పోవడంతో గట్టి బంతిని వాడటానికి వీలు కలిగింది. గట్టి బంతి దూరం పోతుంది, ఆట వేగం పెరుగుతుంది. పిల్లల ఆట పెద్దల ఆటగా మారిన మలుపు ఇది.

పెద్దల ఆట కాగానే దానికి పుట్టినచోటు, పుట్టించినవాడు కావలసి వచ్చారు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన పాత్రికేయుడు హెన్రీ చాడ్విక్, బేస్‌బాల్ ఇంగ్లీషువారి ‘రౌండర్స్’ నుంచి వచ్చిందని వాదించాడు. క్రీడాసామగ్రి వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్ దీనికి ఒప్పుకోలేదు. తమ జాతీయ క్రీడ పరాయిదేశానిదంటే ఆయన మనసు అంగీకరించలేదు. 1905లో విచారణ సంఘం ఏర్పడింది. అబ్నర్ గ్రేవ్స్ అనే గనుల ఇంజనీరు రాసిన ఉత్తరాన్ని ఆధారం చేసుకొని, 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టాడని 1907 చివరలో ఆ సంఘం తేల్చింది. 1839లో ఉత్తరం రాసిన పెద్దమనిషి వయసు ఐదేళ్ళు. డబుల్‌డే ఆ సమయంలో కూపర్స్‌టౌన్‌లో కాక, వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో విద్యార్థిగా ఉన్నాడు. తానొక ఆట కనిపెట్టానని ఆయన జీవితంలో ఎన్నడూ చెప్పుకోలేదు. అయినా 1939లో అదే ఊళ్ళో బేస్‌బాల్ కీర్తిమందిరం ప్రారంభమైంది, శతజయంతి ఘనంగా జరిగింది. స్థలపురాణానికి ఆధునికులు అతీతులు కారు.

తమాషా ఏమంటే, చాడ్విక్ వాదం కూడ నిలవలేదు. రౌండర్స్ అనే పేరు ఆటల పుస్తకంలో కనిపించేది 1828లో. బేస్‌బాల్ పేరు అచ్చయినది 1744లో. తల్లికంటే బిడ్డ ముందు పుట్టినట్లు ఉంది ఈ లెక్క. 2005లో డేవిడ్ బ్లాక్ ప్రకటించిన గ్రంథం ఈ చిక్కును విప్పింది. రెండూ ఇంగ్లండు పల్లెలలోని పాత ఆటల సంతానమే. ఒకదానికి మరొకటి తల్లి కాదు. కనుగొన్న మనిషిని వెదకడం మొదలుపెట్టిననాడే విచారణ దారి తప్పింది. ఆటకు కర్త ఉండడు. వేమన పద్యానికి ఉన్నట్లు మకుటం కూడ ఉండదు.

మన దేశంలో ఇంగ్లీషువారి క్రికెట్టు 1721 నాటికే అడుగుపెట్టింది. కాంబే రేవులో ఓడ నావికులు పొద్దుపోవడానికి దానిని ఆడారు. రెండు శతాబ్దాలు గడిచాక, 1932లో లార్డ్స్ మైదానంలో భారతజట్టు తొలి టెస్టు ఆడినప్పుడు నాయకుడు కొఠారి కనకయ్య నాయుడు, నాగపూరులో పుట్టిన తెలుగు కుటుంబీకుడు. 1953-54లో ఆంధ్రజట్టు రంజీ పోటీలలో అడుగుపెట్టినప్పుడు కూడ ఆయనే సారథ్యం వహించాడు. భారీ సిక్సర్లకు ఆయన పెట్టింది పేరు.

క్రికెట్టు కథలను తెరకెక్కించడంలో తెలుగు చిత్రసీమ వెనుకబడలేదు. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయ్యాక మద్రాసు నుంచి క్రమంగా హైదరాబాదుకు తరలిన ఆ పరిశ్రమకు జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు నిలయాలయ్యాయి. గోలకొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు అక్కడికి సమీపంలోనే ఉన్నాయి. ఒకనాడు బండరాళ్ళు, తుప్పలు తప్ప మరేమీ లేని గుట్టలు అవి. ఆ పరిశ్రమ నుంచి 2011లో ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘గోల్కొండ హైస్కూల్’, హరిమోహన్ పారువు ఆంగ్ల నవల ఆధారంగా తీసినది. ఐ.ఐ.టి. శిక్షణ కోసం పాఠశాల మైదానాన్ని మింగేయాలని యాజమాన్యంలోని వారు చూస్తుంటే, పిల్లల క్రికెట్టు జట్టు గెలిచి దానిని నిలుపుకోవాలి. అదీ కథ. 2019లో వచ్చిన గౌతమ్ తిన్ననూరి ‘జెర్సీ’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. హిందీలో 2001 నాటి ‘లగాన్’ మరొక అడుగు ముందుకు వేసింది. ఇంగ్లీషు దొరల క్రికెట్టును చూసిన పల్లె యువకుడు అది తాము చిన్ననాటి నుంచి ఆడే గిల్లీదండా వంటిదేనని ఊరివారికి ధైర్యం చెబుతాడు. క్రీడాచరిత్రకారులు పేజీలకొద్దీ రాసే చుట్టరికాన్ని ఆ పాత్ర ఒక్కమాటలో తేల్చేసింది.

‘గోల్కొండ హైస్కూల్’ కథలోని మైదానం సమస్య కల్పన కాదు. జూబ్లీహిల్స్ గుట్టలమీద నేడు మేడలు లేచాయి, సందులన్నిటికీ తారు, సిమెంటు పరుచుకుంది. క్రికెట్టు ఆ సందులలో కూడ బతకగలదు. గోడమీద సుద్దతో మూడు గీతలు గీస్తే వికెట్లు సిద్ధం. బిళ్ళంగోడుకు ఆ వెసులుబాటు లేదు. దానికి గుంట కావాలి, గుంటకు మన్ను కావాలి. సిమెంటు మీద గుంట తీయడం ఎవరి తరం? పైగా ఎగిరే బిళ్ళ కంటికి తగిలితే ప్రమాదమని తల్లిదండ్రుల భయం, ఆ భయంలో న్యాయం ఉంది. పిట్స్‌ఫీల్డ్ పెద్దల కట్టడికి బేస్‌బాల్ చావలేదు, ఎనభై గజాల అవతలికి పోయి బతికింది. బిళ్ళంగోడుకు నగరంలో ఆ అవతలి స్థలమే కరవయింది.

ఆటతోపాటు పోయేవి మాటలు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం రైతుల నోటి మాటలను జిల్లాలవారీగా సేకరించింది. చేనేత మొదలైన వృత్తుల సంపుటాలు ఆ తరువాత వచ్చాయి. బిళ్ళను ఎగజిమ్మడానికి, కొసమీద కొట్టడానికి, గాలిలో రెండుమూడుసార్లు తట్టి దూరం కొట్టడానికి, ఓడినవారు కూతపెడుతూ పరుగెత్తడానికి ఊరూరా వేర్వేరు మాటలున్నాయి. వాటికీ అటువంటి శ్రమ కావాలి. ఈ మాటలు తెలిసినవారు అనేకులు ఇప్పుడు తాతలు, తాతమ్మలు. వారిని అడిగి రాసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. నోటుపుస్తకం, ఒక సాయంత్రం చాలు. వకట, లేండ అనే మాటలను మహారాష్ట్ర పిల్లలు కాపాడి పెట్టారు. తెలుగు పిల్లలు లెక్కించిన వరుసలు ఏ ఊళ్ళో ఎట్లా సాగేవో జిల్లాలవారీగా పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఆట నడిచిన దారి కూడ తెలుస్తుంది.

ఆటల దారులు ఒకవైపే సాగవు. అమెరికాలో తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడిన డాలస్ నగరం పక్కన గ్రాండ్ ప్రెయిరీ అనే ఊరు ఉంది. అక్కడ 2008లో బేస్‌బాల్ కోసం ఒక క్రీడాప్రాంగణం కట్టారు. తరువాత దానిని క్రికెట్టుకు అనువుగా మార్చగా, 2023 జులైలో మేజర్ లీగ్ క్రికెట్ తొలిపోటీ అందులోనే జరిగింది. మరుసటి ఏడాది ప్రపంచకప్పు పోటీలలో అమెరికా జట్టు పాకిస్తానును ఓడించినదీ అక్కడే.